వెస్టర్న్ జీను కొనేవాళ్లకు: ముందు గుర్రం వీపు కొలవండి, పూల చెక్కడం తర్వాత చూద్దాం

మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం తీరాల్లో సాయంత్రం పూట ఇసుక మీద గుర్రం నడిపేవాళ్లకీ, తోట దగ్గర ఒకటో రెండో గుర్రాలు కట్టుకున్నవాళ్లకీ వెస్టర్న్ జీను, అంటే అమెరికా కౌబాయ్‌లు వాడే రకం జీను మీద మోజు ఉండటంలో వింతేమీ లేదు. ముందు పట్టు కోసం హార్న్ అనే కొమ్ములాంటి పిడి, వెనక నడుముకు ఆనే ఎత్తు, గంటలకొద్దీ కూర్చున్నా తొడలు పట్టెయ్యని వెడల్పాటి సీటు, పైగా తోలు మీద పూలతీగల పని. చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది.

చిక్కంతా కొనే దగ్గరే. వాట్సాప్‌లో ఫొటోలు పంపే మధ్యవర్తిని అడిగితే "ఏ గుర్రానికైనా సరిపోద్దన్నా, టెన్షన్ పడబాక" అంటాడు. ఏ గుర్రానికైనా సరిపోయే జీను అనేది ఎక్కడా లేదు. ఆ మాట చెప్పేవాడి దగ్గర కొనకపోవడమే సగం జాగ్రత్త.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి కొనేవాళ్లకు దారులు ఐదు ఉన్నాయి. కాన్పూర్ రెడీమేడ్ జీను, కాన్పూర్‌లోనే కొలతలిచ్చి చేయించుకునే జీను, అమెరికాలో చేతిపనివాడు చేసిన కొత్త జీను, అమెరికా కంపెనీల సెకండ్ హ్యాండ్ జీను, తోలు బదులు కార్డురా బట్టతో చేసిన సింథటిక్ జీను. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో చెప్పే ముందు, దేన్ని బట్టి తేల్చుకోవాలో చూద్దాం.

## వీపు కొలత

బజారులో దొరికే వెస్టర్న్ జీన్లలో ఎక్కువ భాగం అమెరికన్ క్వార్టర్ హార్స్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. అది వెడల్పాటి రొమ్ము, గుండ్రటి వీపు ఉన్న బరువైన జాతి. మన దగ్గర కనిపించేవి మార్వాడీ, కాఠియావాడీ, రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్, లేదంటే వీటి కలగలుపు. మార్వాడీకీ థరోబ్రెడ్‌కీ మెడ, వీపు కలిసే చోట మూపు ఎత్తుగా ఉంటుంది, రొమ్ము సన్నంగా ఉంటుంది. అలాంటి గుర్రం మీద వెడల్పాటి జీను వేస్తే ముందుభాగం కిందికి దిగిపోయి జీను కమాను నేరుగా మూపు ఎముక మీద కూర్చుంటుంది. ముందు వెంట్రుక రాలుతుంది, తర్వాత చర్మం లేస్తుంది, ఆ తర్వాత పుండు. జీను కింద పరిచే మందం నమ్దాలు (మెత్తలు) రెండు వేసి సర్దుకుందామని చూస్తే జీను అటూ ఇటూ ఊగుతుందే తప్ప సరిపడదు.

జీను ముందు కమాను వెడల్పును గల్లెట్ అంటారు. సెమీ క్వార్టర్ హార్స్ బార్లు అని రాసి ఉంటే గల్లెట్ సుమారు ఆరున్నర అంగుళాలు, ఫుల్ క్వార్టర్ హార్స్ బార్లు అంటే సుమారు 7 అంగుళాలు. ఇందులో ఓ తిరకాసు ఉంది. ఈ అంకెలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒకే ప్రమాణం లేదు. ఒకరి సెమీ ఇంకొకరి ఫుల్‌కి దగ్గరగా ఉండొచ్చు. పైగా వెడల్పు ఒక్కటే సరిపోదు, బార్ల వాలు కూడా కలవాలి. బార్లంటే జీను లోపల గుర్రం వెన్నెముకకు రెండు వైపులా ఆనే పొడవాటి పలకలు. మన బరువంతా దిగేది వాటి మీదే. మార్వాడీకైనా థరోబ్రెడ్‌కైనా మొదట సెమీతో మొదలుపెట్టి చూడమనే నా సలహా. బాగా మేపుతో ఒళ్లు చేసిన గుర్రమైతే లెక్క మారొచ్చు.

కొలత తీసుకోవడానికి పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే మందపాటి రాగి వైరు ఒక గజం తీసుకోండి. గుర్రాన్ని చదునైన నేల మీద నాలుగు కాళ్లూ సమంగా పెట్టి నిలబెట్టండి. భుజం ఎముక వెనక రెండు వేళ్ల దూరంలో వైరును వీపు మీద అడ్డంగా ఆనించి వంచండి. ఆ వంపు చెదరకుండా తీసి అట్ట మీద పెట్టి గీత గీయండి. వీపు బాగా లోపలికి దిగిన చోట ఇంకొకటి, కడపటి పక్కటెముక దగ్గర మరొకటి. గుర్రానికి 18 జతల పక్కటెముకలు ఉంటాయి. 18వ దాన్ని దాటి వెనక్కి వెళ్లే బార్ల బరువు నడుము మీద పడుతుంది, అది మంచిది కాదు. చివరగా వెన్ను పొడవునా ఒక గీత. ఈ నాలుగు గీతలూ ఉన్న అట్టలు మీ దగ్గరుంటే ఏ అమ్మకందారుతోనైనా ధైర్యంగా మాట్లాడొచ్చు.

జీను చేతికొచ్చాక నమ్దా లేకుండా ఒట్టి వీపు మీద పెట్టి చూడాలి. కింద చెయ్యి పోనిచ్చి వెనకదాకా జరపండి. మధ్యలో ఖాళీ ఉండి రెండు కొసలే ఆనుతుంటే ఆ జీను పనికిరాదు. మధ్యలో ఆని కొసలు లేస్తుంటే అదీ పనికిరాదు. మనిషి ఎక్కి కూర్చున్నాక మూపుకూ కమానుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. మార్వాడీ వీపు పొట్టిగా ఉంటే చతురస్రపు స్కర్టు (జీను అడుగున పరుచుకునే తోలు) కాకుండా గుండ్రటి స్కర్టు ఉన్నది చూడండి, లేకపోతే తోలు కొస తుంటి ఎముకకు రాసుకుంటుంది.

## బరువు

దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. గుర్రపువాళ్లలో ఒక లెక్క వాడుకలో ఉంది: సవారీ చేసే మనిషి, జీను, నమ్దా అన్నీ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని. అదేమీ శాసనం కాదు, గుర్రం ఒంటితీరును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. అయినా దాన్ని పట్టుకుంటే మోసపోము.

గుర్రం బరువును టేపుతో అంచనా వెయ్యొచ్చు. ముందుకాళ్ల వెనక రొమ్ము చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను అదే అంకెతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 165, పొడవు 160 అనుకోండి. సుమారు 367 కిలోలు. అందులో అయిదో వంతు 73.

ఇప్పుడు జీన్ల బరువు చూడండి. పశువులను తాడేసి పట్టడానికి చేసిన రోపింగ్ జీను 16 నుంచి 20 కిలోలు, కొన్ని అంతకంటే ఎక్కువ. దూరపు నడకలకు చేసిన ట్రైల్ జీను 11 నుంచి 16. పీపాల చుట్టూ పరుగు పందేలకు వాడే బ్యారెల్ రేసింగ్ జీను 10 నుంచి 13. సింథటిక్ అయితే 6 నుంచి 9 కిలోల్లో దొరుకుతుంది. 65 కిలోల మనిషి, 18 కిలోల రోపింగ్ జీను, 2 కిలోల నమ్దా కలిస్తే 85. పైన చెప్పిన గుర్రానికి అది పన్నెండు కిలోలు ఎక్కువ. అదే మనిషి 12 కిలోల ట్రైల్ జీను వేసినా 79 అవుతుంది, 6 కిలోల సింథటిక్ వేస్తే గానీ లెక్కలో పడడు. అంటే చిన్నపాటి గుర్రం ఉన్నవాళ్లకు నిండు తోలు వెస్టర్న్ జీను అసలు తగదేమో కూడా ఆలోచించాలి. 420 కిలోల పైన ఉన్న థరోబ్రెడ్ అయితే ఇబ్బంది లేదు.

రోపింగ్ జీను మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఆ బలమైన హార్న్, ఆ బరువు, తాడు కొసన గింజుకునే పశువును ఆపడం కోసం. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతిని తయారుచేసినప్పుడు కలిపిన రక్తంలో మన ఒంగోలు జాతిదీ ఉంది. బ్రెజిల్‌లో అయితే మన పశువుల సంతతికి నెలోర్ అనే పేరే పెట్టుకున్నారు, అక్కడి గుర్రపు రౌతులు మందలకు మందలు తోలుతుంటారు. అలా చూస్తే ఆ దేశాల జీన్లు మన గిత్తల మనవళ్లతో బాగానే కుస్తీ పట్టాయి. ఇక్కడ మాత్రం ఒంగోలు గిత్తను తాడేసి హార్న్‌కు కట్టబోయే ధైర్యం ఎవరికీ లేదు, అవసరమూ లేదు. కాబట్టి అందంగా ఉందని రోపింగ్ జీను కొని ఆ బరువును గుర్రంతో మోయించకండి.

## లోపలి చట్రం

జీను లోపల ఉండే చట్రాన్ని ట్రీ అంటారు. తోలు పాతబడితే మార్చొచ్చు, కుట్టు ఊడితే వేయించొచ్చు, ట్రీ విరిగితే జీను పోయినట్టే. మంచి చేతిపని జీన్లలో చెక్క ట్రీకి పచ్చితోలు తొడిగి కుడతారు. ఆ పచ్చితోలు ఎండి బిగుసుకుపోయి చెక్కను ఉక్కులా పట్టి ఉంచుతుంది. దాని తర్వాత చెక్క మీద ఫైబర్‌గ్లాస్ పూసినవి. ఇది కాస్త చవక, తేలిక, తేమను బాగానే తట్టుకుంటుంది, కాకపోతే గట్టి దెబ్బ తగిలితే పగులు వస్తుంది. మూడోది అచ్చుపోసిన ప్లాస్టిక్ ట్రీ. తేలికగా ఉంటుంది, చెదలు పట్టవు, కానీ మేకులూ స్క్రూలూ కాలక్రమంలో వదులవుతాయి. హార్న్ మీద బలం పడే పనికి అది వద్దు. మామూలు నడకకు చాలు.

చవక జీన్లలో ఏ కలపతో చేశారో అడిగినా చెప్పరు. పచ్చి కలపతో చేసిన ట్రీ మన ఎండలకు మెలితిరుగుతుంది. ఒకవైపు బారు కిందికీ, ఇంకోవైపు పైకీ పోతుంది. అందుకే జీనును తలకిందులుగా పెట్టి, వెనక నుంచి ఒక కంటితో గురి చూడండి. రెండు బార్లూ సమంగా ఉన్నాయా, కమాను సరిగ్గా మధ్యలో ఉందా తెలిసిపోతుంది.

## తోలు, కుట్టు, చెక్కడం

జీనుకు వాడాల్సింది చెట్ల బెరడు, కాయల రసాలతో పదును చేసిన మందపాటి తోలు. మందం 5 నుంచి 6 మిల్లీమీటర్లు. అమెరికా పనివాళ్లు హెర్మన్ ఓక్, వికెట్ అండ్ క్రెయిగ్ అనే పాత తోలు కర్మాగారాల సరుకు వాడామని గొప్పగా చెప్పుకుంటారు, ఆ గొప్పకు అర్థం ఉంది. దక్షిణాదిలోనూ ఈ పద్ధతి పాతదే. తంగేడు బెరడుతో తోలు పదును చేసి, కరక్కాయ రసం పట్టించడం మద్రాసు ప్రాంతపు తోలు వ్యాపారానికి ఒకప్పుడు ప్రాణం. బతుకమ్మలో పెట్టే ఆ తంగేడే.

క్రోమ్ పెట్టి పదును చేసిన తోలు మెత్తగా, చవకగా ఉంటుంది. చెప్పులకూ బ్యాగులకూ సరే, జీనుకు సాగిపోతుంది, చెక్కడం నిలవదు. తేడా కనిపెట్టడానికి కోసిన అంచు చూడండి. మధ్యలో నీలం బూడిద రంగు చార కనిపిస్తే అది క్రోమ్. అంచుకు రంగు పూసి దాచేస్తే రికాబు పట్టీ రంధ్రం లోపల గిల్లి చూడండి. తోలును లోపలికి వంచితే సన్నటి ముడతలు దగ్గరదగ్గరగా పడాలి. వదులుగా, బుడగల్లాగా లేస్తే అది పొట్టభాగం తోలు, రెండేళ్లలో సాగుతుంది.

కుట్టు విషయం. మెషిన్ కుట్టులో ఒకచోట దారం తెగితే పక్క కుట్లు వరుసగా వదులవుతాయి. రెండు సూదులతో చేత్తో కుట్టినప్పుడు ప్రతి రంధ్రంలోంచీ రెండు దారాలు ఎదురెదురుగా పోతాయి, ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. జీను మొత్తం చేతికుట్టే ఉండాలని పట్టుబట్టక్కర్లేదు, మంచి పనివాళ్లు కూడా స్కర్టు అంచులకు బరువైన మెషిన్ వాడతారు. హార్న్ చుట్టూ, వెనక ఎత్తు అంచున చేతికుట్టు ఉందా అని మాత్రం చూడండి.

ఇక పూల పని. వెంకటగిరి చీర కొనేటప్పుడు మన ఆడవాళ్లు వెనక్కి తిప్పి చూస్తారే, ఇక్కడా అంతే జాగ్రత్త కావాలి. చేత్తో చెక్కిన పువ్వులో కత్తి గాటు ఒకచోట లోతుగా మొదలై సన్నగా తేలిపోతుంది, రెండు పువ్వులు అచ్చంగా ఒకేలా ఉండవు. రోలరుతో అచ్చు వేసినదైతే అరడుగుకోసారి అదే పువ్వు అదే వంకరతో తిరిగి వస్తుంది, లోతంతా ఒకటే. అచ్చు వేసినది చెడ్డదని కాదు, చేతిపని ధర తీసుకుంటేనే తగాదా. నా మట్టుకు నాకు, మన తీరప్రాంతంలో నిండుగా చెక్కిన జీను కంటే అంచుల్లో మాత్రమే పని ఉన్నదే మంచిది. చెక్కిన గాట్లలో చెమట, ఇసుక, ఆ తర్వాత బూజు చేరతాయి. పళ్లు తోముకునే బ్రష్ పట్టుకుని కూర్చోవాల్సింది మనమే.

## ఉప్పుగాలి, ముసురు

టెక్సాస్‌లోనో ఒక్లహామాలోనో రాసిన సలహాల్లో ఇది అంతగా కనబడదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. వారం రోజులు ముసురు పడితే గోడ మీద సున్నమే ఉబ్బుతుంది, తోలు ఒక లెక్కా. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, అదే తోలును పగలగొడుతుంది. బీచ్ మీద తిప్పే జీనుకు ఉప్పు అదనం.

ఇనుము మీద మెరుపు పూత వేసిన రింగులు, బకిల్సు సముద్రం దగ్గర ఎక్కువ రోజులు నిలవవు. పూత లేచిన చోట తుప్పు పట్టి, ఆ తుప్పు తోలును తినేస్తుంది. తంగు (గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ) కట్టే డీ ఆకారపు రింగు అలా బలహీనపడితే మనిషి కింద పడతాడు. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి అని రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్తే ఇత్తడి అని చెప్పినదేంటో అక్కడే తేలుతుంది. స్టెయిన్‌లెస్‌లో కొన్ని రకాలు అయస్కాంతానికి అంటుకుంటాయి, కాబట్టి దానికి ఈ పరీక్ష నమ్మకం లేదు.

అడుగున అతికే ఉన్ని అసలు గొర్రెతోలైతే చెమట బాగా పీలుస్తుంది, జారదు, కానీ ముసురులో ఆరదు. కృత్రిమ ఉన్ని త్వరగా ఆరుతుంది, త్వరగా చదునైపోతుంది. ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతంలో ఉంటే అసలు ఉన్ని తీసుకోండి. తీరం పక్కనుంటే ఆరబెట్టే ఓపిక ఎంతుందో చూసుకుని నిర్ణయించుకోండి.

## పక్కపక్కన పెడితే

| | కాన్పూర్ రెడీమేడ్ | కాన్పూర్ ఆర్డర్ | అమెరికా చేతిపని, కొత్తది | అమెరికా సెకండ్ హ్యాండ్ | సింథటిక్ |
|---|---|---|---|---|---|
| వీపుకు కుదరడం | అదృష్టం | కొలతలు సరిగా పంపితే బాగా | కొలతలు పంపితే చాలా బాగా | పెట్టి చూస్తేనే తెలుస్తుంది | సెమీ సైజు దొరికితే ఫర్వాలేదు |
| ట్రీ | చాలావరకు ఫైబర్‌గ్లాస్, తెలియని కలప | మనం అడిగినది | పచ్చితోలు తొడిగిన చెక్క | మంచిదే, విరిగి ఉండకపోతే | ఎక్కువగా ప్లాస్టిక్ |
| బరువు | మధ్యస్థం | మనం చెప్పినంత | ఎక్కువ | ఎక్కువ | తక్కువ |
| ఉప్పు, తేమ | రింగులతో ఇబ్బంది | స్టీలు అడిగితే బాగుంటుంది | బాగా చూసుకోవాలి | బాగా చూసుకోవాలి | కడిగి ఆరేస్తే చాలు |
| ఎదురుచూపు | కొద్ది రోజులు | వారాలు, నెలలు | నెలలు, ఏడాది దాటొచ్చు | దొరికినప్పుడే | కొద్ది రోజులు |
| మళ్లీ అమ్మితే | పెద్దగా రాదు | కొంత | బాగా వస్తుంది | పెట్టినదాంట్లో చాలావరకు | ఏమీ రాదు |

## ఒక్కొక్కటిగా

కాన్పూర్ రెడీమేడ్ గురించి ముందు ఒక అపోహ తీసెయ్యాలి. కాన్పూర్ సరుకంటే నాసి అని చాలామంది చప్పరిస్తారు. బ్రిటిష్ సైన్యానికి జీను సామాను చేసిన ఊరది, ఇవాళ్టికీ విదేశాలకు ఎగుమతి చేస్తోంది, కాన్పూర్ జీను సామానుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఉంది. ఆ ఊళ్లో మంచి పనివాడూ ఉన్నాడు, పదిరోజుల్లో వంద జీన్లు అచ్చుగుద్ది పంపేవాడూ ఉన్నాడు. రెడీమేడ్‌లో మనకు ఎవరిది వస్తుందో తెలియకపోవడమే సమస్య. ధర మాత్రం అమెరికా చేతిపని జీను ధరలో పదో వంతు లోపే. పెళ్లి ఊరేగింపుకో, ఫొటో షూట్‌కో, నెలకోసారి అరగంట నడకకో అయితే ఇది చాలు. రోజూ గంటసేపు సవారీకి మాత్రం ఇది నా ఎంపిక కాదు.

అదే కాన్పూర్‌లో కొలతలిచ్చి చేయించుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన దారి. మార్వాడీ, కాఠియావాడీ వీపులు వాళ్లకు కొత్త కావు. అట్ట మీద గీసిన గీతలు కొరియర్‌లో పంపండి, గుర్రాన్ని పక్క నుంచీ పై నుంచీ తీసిన ఫొటోలు పంపండి. ఏం కావాలో ఒక కాగితం మీద రాయండి: ట్రీ దేనితో, తోలు ఏ పదును, మందం ఎంత, రింగులు ఏ లోహం, సీటు సైజు ఎంత, పూర్తయ్యాక మొత్తం బరువు ఎన్ని కిలోలు మించకూడదు. బరువు షరతు పెట్టడం మరిచిపోకండి, ఎవరూ పెట్టరు. తోలు తొడగకముందు ఒట్టి ట్రీ ఫొటో, మీ అట్ట గీతను దాని బార్ల మీద ఆనించి తీసిన ఫొటో అడగండి. పంపడానికి నసిగితే ఆ పనివాడిని వదిలేయండి. డబ్బు సగం ముందు, సగం ఆ ఫొటోలు చూశాక అంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

అమెరికాలో పేరున్న చేతిపనివాడి దగ్గర కొత్తగా చేయిస్తే 4 వేల నుంచి 8 వేల డాలర్లు, చెక్కడం నిండుగా ఉంటే ఇంకా పైకి. వయోమింగ్‌లోని షెరిడాన్ పట్టణం పేరు మీదే ఒక చెక్కడం శైలి ఉంది, దగ్గరదగ్గరగా అల్లుకునే చిన్న పూలు, గుండ్రటి తీగలు. కళ్లకు పండగే. కానీ ఓడ కిరాయి, కస్టమ్స్ సుంకం కలిశాక ఆ మొత్తంతో మంచి గుర్రమే కొనొచ్చు. గుర్రం మారితే జీను కుదరదు, అదీ గుర్తుంచుకోవాలి. డబ్బు లెక్క లేనివాళ్లు, ఒకే గుర్రంతో పది పదిహేనేళ్లు ఉండబోయేవాళ్లు నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. మిగతావాళ్లకు ఇది గోడకు తగిలించుకునే వస్తువు అవుతుంది.

సెకండ్ హ్యాండ్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు కొదవ లేదు. 1,500 నుంచి 3,000 డాలర్లకు అమ్మే మంచి కంపెనీ జీన్లు వాడినవి అందులో సగానికీ, అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. టెక్సాస్ యోకమ్‌లోని సర్కిల్ వై లాంటి పాత కంపెనీల ట్రైల్ జీను సరిగా ఉంచుకున్నదైతే ఇంకో ఇరవయ్యేళ్లు వస్తుంది. విమానంలో మామూలుగా ఒక పెట్టెకు 23 కిలోలు అనుమతిస్తారు, బరువు సరిపోయినా ఆకారం పెద్దది కావడంతో అదనంగా కట్టించుకోవచ్చు. పాత వస్తువైనా కస్టమ్స్ అడగొచ్చు, బయల్దేరకముందే కనుక్కోమనండి.

తెచ్చే అబ్బాయికి జీనుల గురించి తెలియకపోవచ్చు కాబట్టి వీడియో కాల్‌లో ఈ పరీక్షలు చేయించండి. జీనును ముక్కు మీద నిలబెట్టి, వెనక ఎత్తును కిందికి నొక్కమనండి. కూర్చునే చోట తోలు ముడతపడి జీను మడుచుకుంటున్నట్టు కదిలితే ట్రీ విరిగింది. హార్న్ పట్టుకుని అటూ ఇటూ గుంజమనండి, కొంచెమైనా కదిలితే వద్దు. కిర్రుమనే శబ్దం ఒక్కదాన్ని బట్టి తీర్పు చెప్పకండి, ఎండిన తోలు కూడా కిర్రుమంటుంది. రికాబు పట్టీలు ఇరుసు మీద తిరిగే చోట తోలు లేపి చూడాలి, ముందుగా అరిగేది అక్కడే. అడుగు ఉన్ని పోయి ఉంటే భయం లేదు, మార్పించొచ్చు. గల్లెట్ కొలత అడిగి, మీ అట్టతో పోల్చకుండా మాత్రం డబ్బు పంపకండి. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా దొరికేవి ఫుల్ క్వార్టర్ హార్స్ బార్లే, సెమీ కోసం కొన్నాళ్లు కాచుకోవాల్సి వస్తుంది.

సింథటిక్ జీనును చాలామంది చిన్నచూపు చూస్తారు. చూపుకు అది అంతే, ఒప్పుకుంటాను. కానీ రోజూ సముద్రపు తడి ఇసుకలో తిరిగే గుర్రానికి, సవారీ నేర్చుకునే పిల్లలకి, 350 కిలోల లోపు గుర్రం ఉన్నవాళ్లకి అదే సరైనది. గొట్టంతో కడిగి నీడన ఆరేస్తే అయిపోయింది. కుట్లు ఊడటం, పట్టీ చివర్లు పీచులు లేవడం మామూలే. నాలుగైదేళ్ల తర్వాత మార్చడానికి సిద్ధపడి కొనుక్కోవాలి.

## మీ పరిస్థితిని బట్టి

బీచ్‌లో సవారీలు తిప్పి సంపాదించేవాళ్లకు సింథటిక్, స్టీలు రింగులతో. రోజుకు పాతికమంది రకరకాల బరువులవాళ్లు ఎక్కే జీను మీద చేతిపని తోలు దండగ. గుర్రానికి బరువు పరిమితి రాసిపెట్టుకుని, అది దాటిన పెద్దమనిషికి "మీకు వద్దులెండి సార్" అని చెప్పే ఓపిక కూడా జీనంత అవసరం.

సొంత తోటలో, కాలవగట్ల మీద, ఊరి డొంకల్లో వారానికి మూడు నాలుగుసార్లు తిరిగేవాళ్లకు కాన్పూర్ ఆర్డర్, ట్రైల్ రకం, 13 కిలోల లోపు. పెద్దవాళ్లకు సీటు మామూలుగా 15 లేదా 16 అంగుళాలు. కూర్చున్నప్పుడు తొడకూ ముందు ఉబ్బుకూ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. ఇప్పటిదాకా ఇంగ్లీష్ జీను (హార్న్ లేని రకం) వాడినవాళ్లు ఆ సైజు చెప్పకూడదు, ఇంగ్లీష్ అంకె వెస్టర్న్ కంటే సుమారు రెండంగుళాలు పెద్దగా ఉంటుంది.

రేసు నుంచి వచ్చిన థరోబ్రెడ్ కొన్నవాళ్లు తొందరపడొద్దు. అది ట్రాక్ మీద ఎండుకట్టెలా ఉండి వస్తుంది, ఆరునెలలు మేపాక వీపు ఆకారం మారిపోతుంది. అప్పటిదాకా అరువు తెచ్చిన జీనుతోనో సింథటిక్‌తోనో గడిపి, ఒళ్లు కుదురుకున్నాక కొలతలు తీయండి. సన్నటి గుర్రానికి జీను వెనక్కి జారుతుంటుంది, రొమ్ము పట్టీ కూడా ఆర్డర్‌లో కలపండి.

పిల్లలకు 12, 13 అంగుళాల సీట్లు వస్తాయి. రెండేళ్లలో చిన్నవైపోతాయి. సింథటిక్‌తో సరిపెట్టండి.

ఊరేగింపులకు మాత్రమే గుర్రం ఇచ్చేవాళ్లకు రెడీమేడ్ చాలు. అయినా కమాను కింద రెండు వేళ్లు దూరేలా చూడండి, పెళ్లికొడుకు బరువూ బరువే.

## పార్సిల్ వచ్చిన రోజు, తర్వాతి పదిరోజులు

బిల్లు మీద వెనక్కి తీసుకునే గడువు రాయించుకోండి. మాటల్లో చెప్పినది లెక్కలోకి రాదు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ముందు తూకం వేయండి, తర్వాత పైన చెప్పిన ట్రీ పరీక్ష, హార్న్ పరీక్ష. తోలుకు నూనె పట్టించడం అప్పుడే మొదలుపెట్టకండి, నూనె తగిలిన జీనును ఎవరూ వెనక్కి తీసుకోరు.

మొదటి నాలుగైదు సవారీలు పల్చటి శుభ్రమైన నమ్దాతో అరగంట చొప్పున చేసి, దింపిన వెంటనే వీపు చూడండి. చెమట అంతటా సమానంగా పట్టి ఉంటే సరే. చుట్టూ తడిసి మధ్యలో అరచేయంత పొడి మచ్చ ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట కూడా రాలేదన్నమాట, లేదా అక్కడ జీను అసలు ఆనడం లేదు. చేత్తో నొక్కినప్పుడు గుర్రం వీపు దించుకుంటే మొదటిదే. జీను తెచ్చినప్పుడు చెవులు వెనక్కి వెయ్యడం, తంగు బిగిస్తుంటే కరవబోవడం కొత్తగా మొదలైతే పొగరు అనుకోకండి. ఆ ఒత్తిడి అలాగే సాగితే కొన్నాళ్లకు ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి, అవి మళ్లీ రంగు తిరగవు. అమ్మకానికి వచ్చిన గుర్రం మూపు పక్కన అలాంటి తెల్ల మచ్చలు కనిపిస్తే, పాత యజమాని జీను ఎలాంటిదో అడగక్కర్లేదు.

ఇవన్నీ దాటి జీను నిలబడితే అప్పుడు తుడిచి, జీను సబ్బుతో శుభ్రం చేసి, నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసేది) పల్చగా పట్టించండి, ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది. ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు, లోపల చెమ్మ పట్టి వారంలో బూజు వస్తుంది. పాత నూలు దుప్పటి చాలు. నేల మీద కాకుండా కర్ర స్టాండు మీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి, చెదలు గోడ పట్టుకునే వస్తాయి. పచ్చితోలు వాసనకు ఎలుకలు కూడా వస్తాయి కాబట్టి దాణా బస్తాలున్న గదిలో మాత్రం పెట్టకండి. కుట్టు ఊడితే ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన మైనం పట్టించిన దారంతో రెండు సూదుల కుట్టు వెయ్యగలడు, పాత రంధ్రాల్లోంచే వెయ్యమని చెప్పండి. తంగును జీనుకు బిగించే లాటిగో పట్టీలకు, మందం తోలు ముక్కలకు చెన్నై పెరియమేట్ తోలు బజారు ఒక పూట ప్రయాణం. ట్రీ పని మాత్రం ఇక్కడ ఎవరికీ అప్పజెప్పకండి, చేసినవాళ్లకే తిప్పి పంపండి.